నవ్విన వంటకానికి డబ్బులు లేవు



ఈ నెల మీతో ఒక హోటలు సంగతి చెప్పాలని కూర్చున్నాను. "పాస్టరుగారికి హోటళ్ళ గురించి వ్రాసే పని ఏమి వచ్చింది?" అని కొందరు అనుకోవచ్చు. నిజమే. నేను ఇల్లు దాటి తినేదే తక్కువ. తిన్నా సంఘస్థుల ఇళ్ళలోనే. అయితే గత ఏప్రిల్ నెలలో విశాఖపట్నములో ఒక చిన్న కాకా హోటలులో ఒక పూట తిన్న టిఫిను, మా సంఘములోని ఒక కుటుంబము విషయములో నేను చేసిన తప్పును నా ముందు పెట్టింది. ఆ కుటుంబమువారి అనుమతితోనే వ్రాస్తున్నాను. వారి పేర్లు గాని, మా ఊరి పేరు గాని చెప్పను.

మాది గోదావరి డెల్టాలో ఒక పల్లె. మా సంఘ పెద్దలలో ఒకాయన ఉన్నారు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవారు, నేను బాబాయిగారూ అని పిలుస్తాను. ఆయనకు చక్కెర వ్యాధి. దాని వలన చూపు మందగించినదని విశాఖపట్నములో కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళవలసి వచ్చింది. కుమారునికి పని ఒత్తిడి ఉండి, ఆయనకు తోడుగా నేను బయలుదేరాను. మా తోడల్లుడు రైల్వేలో పని చేస్తూ కంచరపాలెములో ఉంటున్నాడు. రాత్రి వారి ఇంటిలో బస చేశాము. మా మరదలు పిల్లలతో పుట్టింటికి వెళ్ళియుండెను. తోడల్లుడు రాత్రి డ్యూటీకి పోయాడు.

తెల్లవారి పరగడుపున బాబాయిగారిని రక్తపరీక్షకు తీసుకొని వెళ్ళాను. రక్తము తీసుకొన్న అమ్మాయి, "ఇప్పుడు టిఫిను తినండి. తిన్న తరువాత సరిగ్గా రెండు గంటలకు మళ్ళీ రండి" అని చెప్పింది. ఆకలితో ఆయనకు కాళ్ళు వణుకుతున్నాయి. ఆటో అబ్బాయిని దగ్గరలో మంచి టిఫిను ఎక్కడ దొరుకుతుందని అడిగితే, "బర్మా క్యాంపులో దింపుతాను, తిని చూడండి" అని తీసుకొని వెళ్ళాడు.

అది హోటలు అంటే హోటలు కాదు. ఒక పెంకుటింటి ముందు రేకుల పంచ. మూడు బల్లలు, ఆరు బెంచీలు. ఒక మూల ఇడ్లీ పాత్ర, పక్కన పెనము, దాని పక్కన పెద్ద డేగిసాలో ఏదో పులుసు కాగుతున్నది. గోడమీద సింహాచలము అప్పన్న పటము, దాని క్రింద ఎర్రని లక్క పూత పూసిన బర్మా గిన్నె ఒకటి. పొయ్యి దగ్గర నడివయస్సు స్త్రీ ఉన్నది. గల్లాపెట్టె దగ్గర డెబ్బై దాటిన ఆమె తల్లి కూర్చుండి ఉన్నది. అందరూ ఆమెను మామ్మ అనే పిలుస్తున్నారు.

గోడకు ఒక నల్లబల్ల తగిలించి, దానిమీద సుద్దతో వంటకముల పేర్లు వ్రాశారు. పదకొండు లెక్కించాను. ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు, పూరీ. ఇంతవరకు మనకు తెలిసినవే. ఆ తరువాత మొహింగా, కౌస్వే, కొబ్బరిపాల కౌస్వే, అథో, పలాటా, శనగపిండి తోఫు. అన్నిటికంటె క్రింద అంబలి. దాని క్రింద గీత గీసి పెద్ద అక్షరములతో ఇలా ఉన్నది: "నవ్విన వంటకానికి డబ్బులు లేవు."

ఈ చివరి మాట నాకు అర్థము కాలేదు. పెసరట్టు, కౌస్వే, అంబలి ఒకే బల్లమీద ఎలా కలిశాయో కూడా అర్థము కాలేదు. బాబాయిగారు ఇడ్లీ చెప్పారు. ఇంతలో మా ఎదుటి బెంచీమీద ఒక కుర్రవాడికి కౌస్వే వచ్చింది. పచ్చని సన్నటి పోగులు, మీద వేయించిన ఉల్లిపాయలు, కొత్తిమీర, సగము కోసిన కోడిగ్రుడ్డు. పట్టణములలో పిల్లలు తినే నూడుల్స్ అనే పదార్థమే అది. బాబాయిగారు కళ్ళజోడు సర్దుకొని చూసి, "ఇదేమిటి అయ్యగారూ, వానపాములను ఉడకబెట్టినట్టున్నది!" అని పకపక నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది.

హోటలులో అందరూ మా వైపు తిరిగారు. కోపముతో కాదు, ఏదో వేడుక జరగబోతున్నట్టు చూశారు. గల్లాపెట్టె దగ్గరనుండి మామ్మ, "నవ్వీసారు కదా బాబూ, ఇక తినాలి" అన్నది. కూతురు రెండు చిన్న గిన్నెలలో కౌస్వే తెచ్చి మా ముందు పెట్టింది. "దీనికి డబ్బులు వద్దు. ఇక్కడి పద్ధతి ఇది" అన్నది. అప్పుడు ఆ బల్లమీది మాట అర్థమైంది. ఏ వంటకమును చూసి నవ్వుతామో, దానిని ఊరకనే ఒక గిన్నెడు పెడతారు. తినాలి.

తిన్నాము. కొంచెము చింతపండు పులుపు, కొంచెము కారము, నూనెలో వేగిన వెల్లుల్లి వాసన. బాబాయిగారు గిన్నె ఖాళీ చేసి, "బాగానే ఉన్నదండీ" అని మెల్లగా ఒప్పుకొన్నారు. మా కోసము ఇడ్లీలు కూడా వచ్చాయి. ఆ తరువాత నేను ధైర్యము చేసి మొహింగా కూడా చెప్పాను. చేపను ఉడికించి, ముళ్ళు తీసి మెదిపి, అల్లము, వెల్లుల్లి, నిమ్మగడ్డి, అరటిదవ్వ వేసి కాచిన పులుసు అది. వేయించిన బియ్యపుపిండిగాని శనగపిండిగాని కలిపి చిక్కగా చేసి, సన్నని బియ్యపు సేమ్యామీద పోస్తారు. మనకు ఇడ్లీ ఎలాగో, బర్మావారికి ప్రొద్దుటిపూట మొహింగా అలాగని మామ్మ చెప్పింది.

మాకు ఇంకా గంటన్నర కాలము ఉన్నది. గిరాకీ తగ్గింది. మామ్మ మా బల్ల దగ్గరకు వచ్చి కూర్చుంది. ఆమె చెప్పినది వ్రాసేముందు, చిన్న వయస్సువారి కోసము నాలుగు మాటలు చెప్పాలి. "రంగం పోయాడు" అనే మాట మన తాతల నోట వినియుంటారు. రంగం అంటే రంగూను పట్టణము. 1886 నుండి 1937 వరకు బర్మా దేశమంతయు బ్రిటిషు ఇండియాలో ఒక భాగముగా ఉండెను. కాకినాడ, విశాఖపట్నము మొదలైన రేవులనుండి మనవారు పొగ ఓడలెక్కి కూలికి వెళ్ళేవారు. రంగూను రేవులో మూటలు మోసినవారిలోను, బియ్యపు మిల్లులలో పని చేసినవారిలోను తెలుగువారు ఎందరో ఉండేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు 1839 తుపానులో పాడైపోయినా, బర్మాలో మనవారికి "కొరంగీలు" అనే పేరే మిగిలిపోయింది. అది గౌరవముగా పిలిచిన పేరు కాదు.

అక్కడి బ్రతుకు పూలబాట కాలేదు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె వలన రంగూనులో తెలుగువారికిని బర్మావారికిని మధ్య గొప్ప అల్లర్లు జరిగి అనేకులు చనిపోయారు. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేశాయి. తరువాతి నెలలలో లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన ఇండియాకు బయలుదేరారు. దారిలో రోగములతోను ఆకలితోను వేలాదిమంది మరణించారు. యుద్ధము తరువాత కొందరు మరల వెళ్ళారు. 1962 మార్చి 2న అక్కడ సైన్యము అధికారము చేపట్టింది. 1964లో దుకాణములను ప్రభుత్వము స్వాధీనము చేసికొన్నది. ఆ సంవత్సరములలో లక్షలాది భారతీయులు కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. విశాఖలో వారు నిలిచిన స్థలమునకే బర్మా క్యాంపు అని పేరు వచ్చింది. ఇప్పుడు ఆ దేశమును మయన్మార్ అనియు, రంగూనును యాంగోన్ అనియు పిలుస్తున్నారు.

ఇక మామ్మ మాటలు. నాకు గుర్తున్నంతవరకు ఆమె చెప్పినట్టే వ్రాస్తాను.

"నేను రంగంలోనే పుట్టాను బాబూ. మా అయ్యకి బియ్యం మిల్లులో పని. మా యమ్మ తెల్లారగట్ల ఇడ్లీ, ఉప్మా చేసి వీధి చివర అమ్మేది. బర్మా పిల్లలు ఇంగువ వాసనకి ముక్కు మూసుకొని నవ్వుకుంటా పోయేవారు. మా యమ్మ తల వంచుకొని గిన్నెలు కడుక్కునేది. ఒకరోజు పక్కింటి బర్మా ముసలమ్మ గిన్నె పట్టుకొని వచ్చి, కొంచెం పెట్టమని సైగ చేసింది. తింది. మరునాడు అదే గిన్నెలో మొహింగా పోసి తెచ్చింది. అప్పటినుంచి ఇద్దరూ ఒకరిది ఒకరు నేర్చుకున్నారు. ఆ ఎర్రగిన్నె ఆవిడిచ్చిందే.

"నాకు పన్నెండేళ్ళప్పుడు ఓడెక్కాం. మద్రాసులో దిగాం. నగలు తేనివ్వలేదు, డబ్బు తేనివ్వలేదు. రెండు పెట్టెలు, ఈ గిన్నె. ఇక్కడికొచ్చాక మా యమ్మ మొహింగా కాచింది. చుట్టుపక్కలోళ్ళు, 'బర్మావోళ్ళు పాములు వండుకుంటన్నారు' అని నవ్వారు. అక్కడ ఉప్మాకి నవ్వారు, ఇక్కడ మొహింగాకి నవ్వారు. మేమేటి బాబూ, నవ్వులాటకే పుట్టామా?"

ఆ మాట అని ఆమె ఒక నిమిషము ఊరకున్నది. నేను బల్లమీది నియమము అందుకే పెట్టారా అని అడిగాను. ఆమె తల అడ్డముగా ఊపింది.

"దానికి కాదు. అది నా మీద పెట్టిన నియమం. వచ్చిన మొదటి రాత్రి ఈ ఊరి ఆవిడ ఎవరో కుండతో చోడి అంబలి తెచ్చి మా గుడిసె ముందు పెట్టింది. నేను రంగంలో పుట్టినదాన్ని, తెల్లని బియ్యం తిన్నదాన్ని. ఆ నల్లటి అంబలి చూసి, 'ఇదేటి, బురద తెచ్చింది' అని నవ్వాను. ఆవిడ ఇంకా గుమ్మం దాటలేదు. మా యమ్మ నన్ను కొట్టలేదు. గ్లాసుడు పోసి చేతికిచ్చి, 'నవ్వావు కదా, తాగు. ఇది నేను పుట్టిన తిండి' అంది. ఆవిడ వెళ్ళేదాకా నేను తల ఎత్తలేదు. తర్వాత మేము ఈ హోటలు పెట్టినప్పుడు మా యమ్మ చెప్పింది: నవ్వినోడితో తగువాడకు, గిన్నెడు పెట్టు. తిన్నాక కూడా నవ్వితే నవ్వనీ."

అంబలి ఆ బల్లమీద అన్నిటికంటె క్రింద ఎందుకున్నదని నేను అడుగలేదు. ఆమే చెప్పింది. అది క్రింద లేదు, మిగిలిన పదీ దానిమీద నిలిచి ఉన్నాయి అన్నది.

తరువాత ఆమె నవ్వుతూ ఇంకొన్ని సంగతులు చెప్పింది. పలాటా అంటే మన పరాటాయేనట. మనవారు తీసుకొని వెళ్ళినది బర్మా నోట అలా మారింది. దోశను వారు తోషే అంటారు. సమోసా అక్కడ సముసా. అథో అంటే కలిపినది అని అర్థము. చెన్నైలో రేవు దగ్గర బర్మానుండి వచ్చిన తమిళులు అదే పేరుతో బండ్లమీద అమ్ముతారు. ప్రజలు ఎక్కడ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారో, అక్కడే వంటలు మాత్రము చడీచప్పుడు లేకుండా ఒక ఇంటినుండి మరొక ఇంటికి నడిచి వెళ్ళాయని నాకు అనిపించింది.

రెండు గంటలు పూర్తి కావచ్చాయి. మామ్మ బాబాయిగారి చక్కెర సంగతి విని, "ఈసారి వచ్చినప్పుడు అంబలి తాగండి బాబూ, చోళ్ళు మంచివి" అన్నది. చోళ్ళు అంటే ఏమిటని ఆయన నన్ను అడిగారు. "రాగులు, బాబాయిగారూ. రాగులనే ఇక్కడ చోళ్ళు అంటారు" అన్నాను. ఆ మాట నా నోటినుండి వచ్చిన తరువాత మేమిద్దరమూ ఒకరి ముఖము ఒకరు చూడలేకపోయాము. ఎందుకో చెప్పాలి.

బాబాయిగారి కోడలు నంద్యాల వైపు పల్లెనుండి వచ్చిన పిల్ల. చదువుకొన్నది, పనిమంతురాలు. మూడేళ్ళ క్రితం మా గుడిలోనే నేను వివాహము జరిగించాను. వారి ప్రాంతములో రాగిసంగటి ప్రతి ఇంటిలోను ఉంటుంది. బియ్యము ఉడుకుతుండగా రాగిపిండి వేసి, కట్టెతో బాగా కలియబెట్టి ముద్దలు చేస్తారు. దానితో వేరుశనగలతో నూరిన ఊరుబిండి గాని, పప్పు గాని, కోడిపులుసు గాని తింటారు. మా డెల్టాలో మూడు పూటలా తెల్లని అన్నము. కాపురానికి వచ్చిన క్రొత్తలో ఆ పిల్ల ఒకనాడు సంగటి చేస్తే, అత్తగారు, "ఇది కూలివాళ్ళ తిండి, ఎవరైనా చూస్తే మన ఇంటి మర్యాద ఏమవుతుంది?" అన్నారట. మరల చేయలేదు. పుట్టింటినుండి వచ్చిన రాగిపిండి సంచి గేదెకు కుడితిలో కలిసిపోయింది.

ఇది ఇంటిలోని సంగతి. ఇక గుడిలోనిది నా సంగతి. గత క్రిస్మసుకు మా ప్రేమవిందుకు స్త్రీలందరు ఒక్కొక్క వంట తెచ్చారు. ఆ పిల్ల పెద్ద గిన్నెనిండ ఉగ్గాని చేసి తెచ్చింది. మనము మరమరాలు అంటాము, వారు బొరుగులు అంటారు. వాటిని నీళ్ళలో తడిపి, పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపుతో తిరగమోత వేసి, వేయించిన శనగపప్పు పొడి చల్లుతారు. కర్నూలు, అనంతపురము వైపు మిరపకాయ బజ్జీతో ఇది గొప్ప టిఫిను. మావారు చూసి ఒకరినొకరు మోచేతితో పొడుచుకొన్నారు. నేను మైకు పట్టుకొని వంటల పేర్లు చదువుతున్నాను. అందరిని నవ్వించాలని, "ఈ సంవత్సరము విందుకు కోళ్ళతోపాటు కోళ్ళ దాణా కూడ వచ్చింది" అన్నాను.

గుడి అంతా నవ్వింది. ఆ పిల్ల కూడ నవ్వింది. గిన్నె నిండుగానే ఇంటికి తిరిగి వెళ్ళింది. సంక్రాంతికి బిడ్డను తీసుకొని పుట్టింటికి పోయింది. తండ్రికి ఒంట్లో బాగులేదని చెప్పింది. ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది, తిరిగి రాలేదు. నేను వారి ఇంటికి వెళ్ళినప్పుడల్లా "సమాధానము కలుగజేయుము ప్రభువా" అని ప్రార్థన చేసి వచ్చాను. ఆ సమాధానమును పోగొట్టినవారిలో నేనొకడినని నాకు తట్టలేదు.

తిరుగు ప్రయాణములో రైలు అనకాపల్లి దాటింది, తుని దాటింది. బాబాయిగారు కిటికీలోనుండి చూస్తూనే ఉన్నారు. సామర్లకోట దగ్గరకు వచ్చేసరికి, "ఆ పిల్ల మా ఇంట్లో ఎప్పుడూ నవ్వుతూనే ఉండేదండీ అయ్యగారూ. బాగానే ఉందనుకున్నాము" అన్నారు.

"మైకులో ఆ మాట అన్నది నేనండీ" అన్నాను.

"గేదెకు కుడితిలో కలుపుతుంటే చూస్తూ ఊరుకున్నది నేనండీ" అన్నారు ఆయన.

ఇంటికి చేరిన తరువాత ఆయన భార్యతో చెప్పారు. ఆమె మొదట ఒప్పుకోలేదు. "సంగటి కోసము కాపురము వదిలిందంటే ఊళ్ళో నవ్వరా? మనమే వెళ్ళి పిలిస్తే ఇంకా నవ్వరా?" అన్నారు. బాబాయిగారు, "నవ్వినవాళ్ళను ఇంటికి పిలిచి గిన్నెడు పెడదాము" అన్నారు. ఆమెకు అర్థము కాలేదు. కాని భర్త అలా మాట్లాడగా ఆమె ఎన్నడు వినలేదు గనుక, బయలుదేరారు.

మే నెలలో నలుగురము వెళ్ళాము: దంపతులిద్దరు, కుమారుడు, నేను. గుంటూరు దాటి నల్లమల అడవిగుండా నంద్యాల చేరి, అక్కడినుండి బస్సులో వారి ఊరు వెళ్ళాము. ఆ తల్లిదండ్రులు మమ్మును ఆదరించారు. మా కోసము ప్రత్యేకముగా సన్నబియ్యపు అన్నము, కోడికూర వండారు. ఆ అన్నము చూడగానే నా కడుపులో కలుక్కుమన్నది. మా వలన వారు తమ ఇంటిలోనే తమ తిండిని దాచిపెట్టుకొన్నారు.

బాబాయిగారు విస్తరి ముందు కూర్చుండి, "అమ్మా, మీరు తినే సంగటి నాకు ఒక ముద్ద పెట్టండి" అన్నారు. వియ్యపురాలు నమ్మలేక కూతురి వైపు చూసింది. కూతురు లోపలికి వెళ్ళి ముద్ద, ఊరుబిండి తెచ్చి వడ్డించింది. బాబాయిగారికి సంగటి తినే విధము తెలియదు. నమలబోతే పండ్లకు అంటుకొన్నది. అవస్థ పడుతుంటే వియ్యంకుడు, "నమలగూడదు బావగారూ, మింగాల" అన్నాడు. ఆ ఇంటిలో అప్పుడు అందరూ నవ్వారు. ఈ నవ్వుకు ఎవరి తలా వంగలేదు.

భోజనములైన తరువాత నేను ఆ పిల్లను పిలిచి, వాళ్ళ నాన్న ఎదుట, "అమ్మా, క్రిస్మసునాడు నేనన్న మాట తప్పు. నన్ను క్షమించు" అన్నాను. ఆమె కొంచెము సేపు ఆలోచించి, మెల్లగా, మర్యాదగా ఇలా అన్నది: "మీరు మైకులో అన్నారయ్యగారూ. ఇప్పుడు మా ఇంట్లో చెప్తున్నారు."

ఇరవై ఏళ్ళ సేవలో నాకు ఇంత సూటిగా ఎవరూ బోధించలేదు. ఆ మరుసటి ఆదివారము గుడిలో, అదే మైకు పట్టుకొని, ఆ రోజు నేనన్న మాటను, అది ఎవరిని గాయపరచినదో ఆ సంగతిని, ఆమె అనుమతితో చెప్పి క్షమాపణ అడిగాను. నోరు ఎండిపోయింది. బోయజు తన పొలములో పరిగె ఏరుకొనుచున్న పరదేశియైన రూతును పనివారి దగ్గర కూర్చుండబెట్టి పేలాలు అందించిన సంగతి మీకు తెలుసు. పేలాలకు మన మరమరాలు ఎంత దగ్గర! పరాయి దేశపు పిల్లకు బోయజు అందించాడు. మన ఇంటికి వచ్చిన పిల్ల అందిస్తే మేము నవ్వాము.

ఆ పిల్ల జూన్ రెండవ వారములో వచ్చింది. ఒక మాట అడిగి వచ్చింది: వారములో రెండు పూటలు పొయ్యి తనది. అన్నీ చక్కబడ్డాయని వ్రాస్తే అబద్ధమవుతుంది. అత్తగారు ఇప్పటికీ సంగటి ముట్టరు. కాని నెల సరుకుల చీటీలో రాగిపిండి అనే మాట ఆమె చేతివ్రాతలోనే ఉన్నదని కుమారుడు నాకు చెప్పాడు.

ఇక రాగుల సంగతి. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నది. అదే తూకము తెల్లని బియ్యములో పది మిల్లీగ్రాములకు అటూఇటూ. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యాల సంవత్సరముగా ప్రకటించిన తరువాత పట్టణములలో గొప్పవారు రాగిపిండిని అందమైన సంచులలో కొనుక్కొంటున్నారు. నిన్న కూలివాళ్ళ తిండి అన్నది నేడు దొరల తిండి అయ్యింది. కాని ప్రియులారా, తిండి విలువ పెరిగినందుకు కాదు ఆ పిల్లను గౌరవించవలసినది. రాగులలో ఏ బలమూ లేకపోయినా, అది ఆమె తల్లి పెట్టిన తిండి. ఆ ఒక్క కారణము చాలును.

మీ ఇళ్ళలోనికి కోడళ్ళు వస్తారు. అల్లుళ్ళు వస్తారు. ఒకరు శ్రీకాకుళము వైపునుండి, ఒకరు తెలంగాణనుండి జొన్నరొట్టెతో, ఒకరు ఒడిషానుండి పఖాళముతో. మన యౌవనులు బెంగుళూరులో, దుబాయిలో ఉద్యోగములు చేసి అక్కడి రుచులతో తిరిగి వస్తారు. ఇతర ప్రాంతములనుండి మన పల్లెలకు ఇటుక బట్టీలకు, చేపల చెరువులకు పనికి వచ్చినవారు మన ప్రక్కనే వండుకొంటారు. వారి గిన్నెలో ఉన్నది మనకు క్రొత్తగా కనబడవచ్చు. నచ్చలేదని చెప్పడము తప్పు కాదు; మామ్మ హోటలులో కూడ అందరికి అన్నీ నచ్చవు. అయితే ముందు ఒక ముద్ద తినండి. ఎలా వండావమ్మా అని అడగండి. మీ మర్యాద ఏమీ తగ్గదు. క్రొత్తగా వచ్చిన పిల్ల నవ్వుతున్నదంటే సంతోషముగా ఉన్నదనే అనుకోవద్దు. నలుగురు నవ్వుతున్నప్పుడు ఏడవడము చేతకాక నవ్వేవారు ఉంటారు.

బాబాయిగారి కంటికి చికిత్స జరుగుతున్నది. వచ్చే నెల మరల విశాఖపట్నము వెళ్ళాలి. ఈసారి బర్మా క్యాంపులో అంబలి త్రాగుతామని ఇద్దరము అనుకొన్నాము, డబ్బులిచ్చి.

ఆ పిల్ల ఇంకా గుడికి ఉగ్గాని తేలేదు. తెమ్మని నేను అడుగలేదు. అది ఆమె ఇష్టము. తెచ్చిన రోజున మొదటి పళ్ళెము నాది.

మీ ఇంటి బల్లకు సమాధానము కలుగునుగాక. వచ్చే నెల మరల కలుసుకొందాము.